నర్సమ్మ రాత్రిపూట ఎక్కడుంటుంది?

(సామాజిక ఆరోగ్య నర్సింగ్ బోధించి పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయిని నర్సింగ్ విద్యార్థినుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల్లో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, ఒకటి ఆపేయండమ్మా. ఆ, ఇప్పుడు బాగుంది.

ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిచినప్పుడు, మీకు నచ్చిన విషయం మీద మాట్లాడండి అన్నారు. నేను ఒక జిల్లా గురించి మాట్లాడదామని వచ్చాను. ఆ జిల్లా మనది కాదు. ఆఫ్రికాలో ఘనా అనే దేశం ఉంది కదా, దాని ఉత్తరపు కొసన ఉంది. నేను చెప్పే రోజుల్లో దాని పేరు కసేనా-నంకానా, తర్వాత దాన్ని రెండు జిల్లాలుగా విడదీశారు. ముఖ్య పట్టణం నవ్రోంగో. నేను పాఠాలు చెప్పిన పదిహేనేళ్ళలో ఈ పేరు బోర్డు మీద రాయని సంవత్సరం లేదు. పరీక్షలో అడుగుతారని రాయలేదు. మనం చేసే పని గురించి నాకున్న ఒక ప్రశ్నకి అక్కడివాళ్ళు లెక్కకట్టి మరీ జవాబు చెప్పారు, అందుకు రాసేదాన్ని.

ఆ ప్రశ్న చాలా చిన్నది. నర్సమ్మ రాత్రిపూట ఎక్కడుంటుంది?

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్తాను. ఘనా రాజధాని అక్రా సముద్రం ఒడ్డున ఉంటుంది. అక్కడి నుంచి ఉత్తరానికి 800 కిలోమీటర్లకు పైగా వెళ్తే నవ్రోంగో వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే బుర్కినా ఫాసో సరిహద్దు. వాన మే నుంచి అక్టోబరు దాకా ఒక్కటే కారు. సజ్జ, జొన్న, వేరుశెనగ పండిస్తారు. వానలు వెనకబట్టాక సహారా ఎడారి వైపు నుంచి దుమ్ము మోసుకుంటూ పొడిగాలి వీస్తుంది, దాన్ని హర్మటాన్ అంటారు. పెదాలు పగిలిపోతాయి, గొంతు ఎండిపోతుంది. పంట పనులు లేని ఆ నెలల్లో కుర్రాళ్ళు కూలి కోసం దక్షిణాన కుమాసికో అక్రాకో వెళ్తారు.

ఊళ్ళు మాత్రం మన ఊళ్ళలా ఉండవు. మనకి ఇళ్ళన్నీ ఒకచోట, పొలాలు ఊరి బయట. అక్కడ ఒక వంశం వాళ్ళంతా మట్టిగోడలు చుట్టి కట్టుకున్న గుండ్రటి ఇళ్ళ సముదాయంలో ఉంటారు. దాని చుట్టూ వాళ్ళ చేను. ఆ చేను దాటితే పక్క కుటుంబం వాకిలి. అంటే ఊరంటే ఒక వీధి కాదు, చేల మధ్య చెదురుమదురుగా ఉన్న వాకిళ్ళు. మీకు ఒక గల్లీలో ఇరవై ఇళ్ళు తిరిగి వచ్చేయడం అలవాటు. అక్కడ ఇరవై ఇళ్ళు తిరగాలంటే పూట పడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1990ల మొదట్లో ఈ జిల్లాలో వైద్యం ఎలా ఉండేదంటే, నవ్రోంగోలో వార్ మెమోరియల్ ఆసుపత్రి ఉంది. అది జిల్లా ఆసుపత్రి. దాని కింద కొన్ని హెల్త్ సెంటర్లు, మన పీహెచ్‌సీల్లాంటివి. ప్రభుత్వం కమ్యూనిటీ హెల్త్ నర్సులకి ఏడాదిన్నర, రెండేళ్ళ శిక్షణ ఇచ్చి తయారుచేసింది. జీతాలిస్తోంది. కానీ ఊళ్ళో వాళ్ళు ఉండటానికి గది లేదు, తిరగడానికి బండి లేదు. దాంతో వాళ్ళంతా హెల్త్ సెంటర్‌లోనే బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు. రోగి వస్తే చూసేవాళ్ళు. రాకపోతే లేదు. పైగా 1985 నుంచి ఘనాలో ముందు డబ్బు కడితేనే మందు అనే పద్ధతి వచ్చింది. అక్కడి జనం దాన్ని క్యాష్ అండ్ క్యారీ అనేవాళ్ళు. పేరు వింటేనే అర్థమవుతుంది కదా. చేలో గింజలు అమ్మితేగాని డబ్బు కనపడని ఇంట్లో, జ్వరమొచ్చిన పిల్లని ఎత్తుకుని పది కిలోమీటర్లు నడిచి వెళ్ళి, ముందు డబ్బు కట్టమంటే ఏం చేస్తారు? వెళ్ళరు. ఇంట్లోనే చూసుకుంటారు.

ఇంకో మార్గం కూడా ప్రయత్నించారు. 1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని అల్మా అటాలో జరిగిన సదస్సులో అందరికీ ఆరోగ్యం అని ప్రపంచ దేశాలు ప్రకటించుకున్నాయి, మీరు చదువుకున్నారు. ఆ ఊపులో చాలా దేశాలు ఊరి నుంచే వాలంటీర్లని తీసుకుని నాలుగు రోజులు నేర్పి, మందుల పెట్టె చేతికిచ్చి పంపాయి. ఘనా కూడా పంపింది. మందుల పెట్టె ఖాళీ అయ్యాక మళ్ళీ నింపేవాళ్ళు లేరు, నేర్పినదాన్ని సరిచూసేవాళ్ళు లేరు. ఆ పథకాలు వాటంతట అవే ఆగిపోయాయి.

ఇక్కడ నవ్రోంగోకి ఒక ప్రత్యేకత ఉంది. 1989 నుంచి రెండేళ్ళపాటు ఈ జిల్లాలో విటమిన్ ఎ మీద పెద్ద పరిశోధన జరిగింది. ఇరవై వేలకు పైగా పిల్లలు. నాలుగు నెలలకోసారి విటమిన్ ఎ ఇచ్చిన పిల్లల్లో చావులు 19 శాతం తగ్గాయి. తర్వాత 1993 నుంచి మందు పట్టించిన దోమతెరల మీద ఇంకో పరిశోధన. దాంట్లో పిల్లల మరణాలు 17 శాతం తగ్గాయి. ఈ పనుల కోసం వచ్చిన జట్టే నవ్రోంగో ఆరోగ్య పరిశోధన కేంద్రంగా నిలబడింది. దాని మొదటి డైరెక్టర్ డాక్టర్ ఫ్రెడ్ బింకా. జిల్లాలో ప్రతి వాకిట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరు వలస వెళ్ళారు అని ఇంటింటికీ తిరిగి రాసుకునే ఏర్పాటు కూడా వాళ్ళకి ఉంది. ఒక పేద గ్రామీణ జిల్లాకి ఇది చాలా పెద్ద ఆస్తి. ఎందుకంటే మన దగ్గరైనా అక్కడైనా, ఇంట్లో పుట్టి ఇంట్లోనే పోయిన బిడ్డ చాలాసార్లు ఏ రిజిస్టరులోనూ ఉండదు. లెక్కలో లేని చావు తగ్గిందో పెరిగిందో ఎవరు చెప్తారు?

విటమిన్ ఎ పనిచేస్తుంది. దోమతెర పనిచేస్తుంది. టీకా పనిచేస్తుందని ఎప్పటినుంచో తెలుసు. తెలియనిది ఒక్కటే, వీటిని చేను దాటి ఆ వాకిలి దాకా ఎవరు తీసుకెళ్ళాలి? ఎలా?

1994లో దీనికోసమే ఒక పని మొదలుపెట్టారు. మూడు ఊళ్ళు ఎంచుకున్నారు. ఈ భాగం నాకు చాలా ఇష్టం. పథకం తయారుచేసి తీసుకెళ్ళి ఊరివాళ్ళకి చెప్పలేదు. ముందు ఊరి పెద్ద దగ్గరికి, వంశ పెద్దల దగ్గరికి, ఆడవాళ్ళ గుంపుల దగ్గరికి వెళ్ళి కూర్చుని, మీకు ఎలాంటి వైద్యం కావాలి, నర్సు వస్తే ఎక్కడ ఉండాలి, ఏ వేళ రావాలి అని అడిగారు. అక్కడ ఊరి సభని దర్బార్ అంటారు. అవునమ్మా, మన దర్బారే. మన దగ్గరి మాట బ్రిటిష్‌వాళ్ళతో కలిసి సముద్రం దాటి వెళ్ళింది. డప్పులు కొట్టి జనాన్ని పోగుచేస్తారు. ఊరి పెద్ద కూర్చుంటాడు. అందరూ మాట్లాడతారు. అక్కడే నర్సుని ఊరికి పరిచయం చేస్తారు. ఈవిడ ఇకనుంచి మన ఊరి మనిషి, ఈవిడ బాగోగులు మనవి అని ఊరి పెద్ద చెప్పాక ఆ నర్సు హోదా మారిపోతుంది.

నర్సుకి ఇల్లు ఊరివాళ్ళే కట్టారు. మట్టితో, వాళ్ళ ఇళ్ళలాగే, సొంత చాకిరితో. ఒకవైపు ఆమె ఉండే గది, ఒకవైపు రోగుల్ని చూసే గది. ప్రభుత్వం మోటారుసైకిలు, మందులు, పరికరాలు ఇచ్చింది. ఆ నర్సు వాకిలి తర్వాత వాకిలి తిరుగుతుంది. దాదాపు మూడు నెలలకోసారి ప్రతి ఇంటికీ వెళ్తుంది. మిగతా సమయంలో, రాత్రయినా సరే, వాళ్ళు ఆమె దగ్గరికి రావచ్చు.

ఇప్పుడు అసలు పరీక్ష. జిల్లాని నాలుగు భాగాలు చేశారు. ఒక భాగంలో ఊళ్ళో వాలంటీర్లు, ఊరి పెద్దల కమిటీ, దర్బార్లు, అన్నీ ఉన్నాయి, నర్సు మాత్రం లేదు. దీనికి అక్కడి మాటల్లో జురుగేలు అని పేరు పెట్టారు, కలిసికట్టుగా ఉండటం అని అర్థం. రెండో భాగంలో ఊళ్ళో కాపురముండే నర్సు. మూడో భాగంలో రెండూ. నాలుగో భాగంలో అంతకుముందు ఎలా ఉందో అలాగే వదిలారు, పోల్చి చూసుకోవడానికి.

ఏమైందో ఊహించండి. ఎవరైనా చెప్పండి. ... రెండూ ఉన్నచోట బాగుంటుంది అంటున్నావు. కొంత నిజమే. పిల్లల చావుల విషయంలో మాత్రం, నర్సుని ఊళ్ళో పెట్టిన చోట మూడేళ్ళలో పసిపిల్లల మరణాలు సగానికి పైగా తగ్గాయి. వాలంటీర్లు మాత్రమే ఉన్నచోట అలాంటి మేలు కనపడలేదు. వాలంటీర్లని చేర్చినందువల్ల అదనంగా తగ్గిందీ లేదు. మోటారుసైకిలు ఉండి ఊళ్ళో ఉంటున్న ఒక్క నర్సు, ఒక హెల్త్ సెంటర్ మొత్తం కంటే ఎక్కువ పనిచేయగలదని తేలింది. వైద్యం అందుకున్న సందర్భాలు ఎనిమిది రెట్లు పెరిగాయి.

మనిషి అదే. చదువు అదే. జీతం అదే. మందులు కొత్తవి కావు. ఆమె పడుకునే చోటు మార్చారు, ఒక బండి ఇచ్చారు.

ఈ లెక్క మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను. ఇది నేను చాలామందికి చెప్పలేదు.

1985లో నేను ఏఎన్ఎంగా చేరాను. ఊరి పేరు చెప్పను. సబ్‌సెంటర్ అంటే అద్దెకు తీసుకున్న ఒక్క గది. నేను టౌనులో ఉండేదాన్ని. పొద్దున తొమ్మిదింటి బస్సుకి వెళ్ళి, సాయంత్రం నాలుగున్నర బస్సుకి వచ్చేదాన్ని. అది తప్పితే మళ్ళీ బస్సు లేదు. పనిలో నేను ఏ లోటూ చేయలేదని నమ్మేదాన్ని. రిజిస్టర్లు సరిగ్గా ఉండేవి. టీకాలు సరిగ్గా వేసేదాన్ని. తొలకరి వానలు పడ్డ వారం, ఒకరోజు పొద్దున బస్సు దిగేసరికి సబ్‌సెంటర్ పక్క వీధిలో ఏడుపులు. ఏడాదిన్నర పిల్లాడు. ముందురోజు సాయంత్రం నుంచి విరేచనాలు. తెల్లవారుజామున పోయాడు. ఆ తల్లి నన్ను చూసి ఒకే మాట అంది, "నిన్న పొద్దుగూకినాక వచ్చినమ్మా, తాళమున్నది" అని. తిట్టలేదు. అంతే అంది.

నా సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉన్నాయి. నాతోపాటే బస్సెక్కి టౌనుకు వచ్చాయి, నాతోపాటే మళ్ళీ ఊరికి వెళ్ళాయి.

... క్షమించండి. కాసిని నీళ్ళు తాగుతాను.

కాబట్టి నవ్రోంగో లెక్కలో "సగానికి పైగా" అన్న మాట నాకు శాతంలా కనపడదు. ఆ గది తాళం తీసి ఉన్న రాత్రులు కనపడతాయి.

అయితే నర్సు ఊళ్ళో ఉంటే చాలు అన్నట్టు మీకు అర్థం కాకూడదు. ఆ వాకిళ్ళలో ఇంకో చిక్కు ఉంది. అక్కడ ఆడమనిషికి ఒంట్లో బాగాలేకపోయినా, బిడ్డకి బాగాలేకపోయినా, ఆసుపత్రికి వెళ్ళాలంటే వాకిలి పెద్ద ఒప్పుకోవాలి, భర్త ఒప్పుకోవాలి. కొన్ని ఇళ్ళలో ముందు సోదె చెప్పేవాణ్ణి అడుగుతారు. ఇది ఏ పూర్వీకుడి కోపం వల్ల వచ్చింది, దీనికి ఏ కోడిని, ఏ మేకని ఇవ్వాలి అని. ఆ పని అయ్యాకే కదులుతారు. మనవాళ్ళు గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని రెండు రోజులు ఆగినట్టే. ఈ ఆలస్యంలోనే ప్రాణం పోతుంది. క్లినిక్‌లో బల్ల దగ్గర కూర్చున్న నర్సుకి ఈ ఆలస్యం కనపడదు. వాకిట్లోకి వచ్చిన నర్సు మాత్రం ఆ పెద్దాయన ఎదురుగానే కూర్చుని, మీ పూజ మీరు చేసుకోండి తాతా, ఈలోగా ఈ పిల్లకి ఈ మాత్ర వేస్తాను అనగలదు. ఆయన్ని అవమానించకుండా అనగలగాలి, అది ఒక్కరోజులో రాదు.

కుటుంబ నియంత్రణ ఇంకా కష్టం. అక్కడ పెళ్ళికి మగపిల్లవాడి వైపు నుంచి ఆవులు, గొర్రెలు ఇస్తారు. అంత ఇచ్చి తెచ్చుకున్న కోడలు పిల్లల్ని కనడం ఆపేస్తానంటే భర్తకి అనుమానం, అత్తకి కోపం. చాలామంది ఆడవాళ్ళు సూది మందుని ఎంచుకునేవాళ్ళు, ఇంట్లో మాత్రల పట్టీ దొరికే భయం ఉండదని. నర్సులకి మధ్యవర్తిత్వం కూడా పనిలో భాగమైపోయింది. ఇక్కడ వాలంటీర్ల, పెద్దల పాత్ర తేలింది. ఊరి పెద్దే దర్బార్‌లో ఈ విషయం మాట్లాడితే, మగవాళ్ళతో మగవాళ్ళే మాట్లాడితే, భార్యకి ధైర్యం వస్తుంది. నర్సూ, ఊరి కదలికా రెండూ కలిసిన చోట ఆడమనిషికి సగటున ఒక కాన్పు తగ్గింది. అందుకే ఇందాక నీ జవాబు కొంత నిజమే అన్నాను. పిల్లాడికి జ్వరం తగ్గించడానికి నర్సు చాలు. ఇంట్లో మగవాడి మనసు మారాలంటే ఊరు కావాలి.

ఆ, ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: మేడమ్, ఊళ్ళో ఒక్కతే ఉంటే ఆ నర్సుకి భయం కాదా?)

అవుతుంది. అవదని నేను చెప్పను. ఇరవై రెండేళ్ళ అమ్మాయి, పెళ్ళి కాలేదు, లేదా భర్త ఇంకో ఊళ్ళో ఉద్యోగం. ఒక్కతే. భాష కూడా కొన్నిసార్లు వేరు. ఆ ఒక్క జిల్లాలోనే కాసెమ్, నంకాని అని రెండు భాషలు. పిల్లల చదువు, పదోన్నతి, సెలవు, ఇవన్నీ బెంగలే. అందుకే దర్బార్‌లో పరిచయం చేయడం ఊరికే తంతు కాదు. ఊరి పెద్ద మాటిచ్చాడు కాబట్టి ఆమె జోలికి వస్తే ఆయన జోలికి వచ్చినట్టు. కానీ పెద్ద మాటివ్వగానే పై అధికారి బాధ్యత తీరిపోదు. ఆమె దగ్గరికి నెలకోసారైనా వెళ్ళి, ఎలా ఉన్నావమ్మా, బండి నడుస్తోందా, ఫ్రిజ్ పనిచేస్తోందా అని అడిగేవాళ్ళు లేకపోతే ఆమె బదిలీ పెట్టుకుంటుంది. ఈ రోజుల్లో ఘనా నర్సులు చాలామంది బ్రిటన్‌కి వెళ్ళిపోతున్నారు. వాళ్ళని నేను తప్పుపట్టను. మీలో కూడా కొందరు వెళ్తారు. మనిషిని మారుమూల పెట్టి మర్చిపోయిన వ్యవస్థకి, వెళ్ళిపోయావేం అని అడిగే హక్కు లేదు.

సరే, తర్వాత ఏమైందో చెప్తాను. నవ్రోంగో ఫలితాలు చూసి అప్పట్లో వోల్టా ప్రాంతంలో ఉన్న న్‌క్వాంటా అనే ఇంకో మారుమూల జిల్లా తనూ మొదలుపెట్టింది. అక్కడివాళ్ళు నవ్రోంగో వచ్చి, కళ్ళారా చూసి, తిరిగి వెళ్ళి తమ పద్ధతిలో చేసుకున్నారు. పరిశోధన కేంద్రం లేని చోట కూడా ఇది నడుస్తుందని రుజువైంది. 1999లో ఘనా ప్రభుత్వం దీన్ని దేశమంతటికీ విధానంగా తీసుకుంది. పూర్తి పేరు కమ్యూనిటీ-బేస్డ్ హెల్త్ ప్లానింగ్ అండ్ సర్వీసెస్, పొట్టి పేరు చిప్స్. రాసేటప్పుడు సీ-హెచ్-పీ-ఎస్ అని నాలుగక్షరాలు. ఒక్కో చిప్స్ జోన్‌కి సుమారు 5000 జనాభా. మన మైదాన ప్రాంతపు సబ్‌సెంటర్ కొలత కూడా అదే, గమనించండి.

చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పాలి. విధానం అయ్యాక పని నెమ్మదించింది. ఎందుకంటే చాలా జిల్లాల్లో చిప్స్ అంటే ఒక భవనం అనుకున్నారు. సిమెంటు భవనానికి డబ్బు రావాలి, టెండరు పిలవాలి, రిబ్బన్ కత్తిరించాలి. అది వచ్చేదాకా నర్సుని పంపలేదు. నవ్రోంగోలో మొదటి ఇళ్ళు మట్టివని మర్చిపోయారు. ఇంకొన్ని చోట్ల భవనం వచ్చింది, నర్సు కూడా వచ్చింది, కానీ ఇంటింటికీ తిరగడం పోయింది. ఆమె ఆ కొత్త భవనంలో బల్ల వేసుకుని కూర్చుంది. అంటే హెల్త్ సెంటర్‌లో ఉన్న బల్లనే ఊరికి మోసుకొచ్చారు. పదేళ్ళయినా జనాభాలో కొద్దిమందికే ఈ సేవ అందింది.

దాన్ని సరిదిద్దడానికి 2010 నుంచి నవ్రోంగో ఉన్న అప్పర్ ఈస్ట్ ప్రాంతంలోనే ఇంకో ప్రయత్నం చేశారు. భవనం కోసం ఆగకండి, ఊరివాళ్ళు ఇచ్చిన గదిలోనైనా మొదలుపెట్టండి అన్నారు. జిల్లా అధికారులకి నాయకత్వం నేర్పారు, కొంత డబ్బు వాళ్ళ చేతికిచ్చారు. ఇంకో మంచి పని, మూడు చక్రాల మోటారు బండి. వెనక ట్రాలీ ఉంటుంది. మన సరుకుల ఆటోని ఊహించుకోండి. దాంట్లో పరుపు వేసి, పైన కప్పు కట్టి, ఊరి నుంచి పెద్దాసుపత్రికి అంబులెన్సులా వాడారు. నాలుగు చక్రాల అంబులెన్సు వెళ్ళలేని చేల గట్ల మీద అది వెళ్తుంది. పాడైతే ఊళ్ళో మెకానిక్కే బాగుచేస్తాడు. నొప్పులు పడుతున్న మనిషిని సైకిలు క్యారేజీ మీద తీసుకెళ్ళే చోట ఇది ఎంత పెద్ద మార్పో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. 2020లో ఘనా ప్రభుత్వం 307 కొత్త అంబులెన్సులు దేశమంతా పంచింది. 2019 నుంచి డ్రోన్లతో రక్తం, టీకాలు పంపుతున్నారు. అవన్నీ కావాలి. కానీ డ్రోను పైనుంచి వదిలిన పెట్టెని అందుకోవడానికి కింద ఎవరో ఒకరు ఉండాలి.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. క్యాష్ అండ్ క్యారీ బాధ పడలేక 2003లో జాతీయ ఆరోగ్య బీమా చట్టం తెచ్చారు. దానికోసం వస్తువుల మీద 2.5 శాతం పన్ను వేశారు. 18 ఏళ్ళ లోపు పిల్లలకి, 70 దాటినవాళ్ళకి ప్రీమియం లేదు. 2008 నుంచి గర్భిణులకీ లేదు. మంచి చట్టం. చిక్కెక్కడంటే, కార్డు ఏటా రెన్యూ చేసుకోవాలి, ఆసుపత్రులకి బీమా నుంచి రావాల్సిన డబ్బు ఆలస్యమవుతుంది. డబ్బు రాకపోతే మందుల అల్మారా ఖాళీ. అప్పుడు కార్డున్న తల్లి కూడా బయట కొనుక్కోవాల్సిందే.

ఇక టీకాల మాట చెప్పకుండా ఎలా ముగిస్తాను? నవ్రోంగో ఉన్నది మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు జబ్బు, ఎక్కువగా వచ్చే బెల్టులో. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా సహారాకి దిగువన నడిచే పట్టీ అది. హర్మటాన్ గాలి వీచే ఎండు నెలల్లో ఈ రోగం లేస్తుంది. 1996-97లో వచ్చిన ఉప్పెనలో ఆఫ్రికా మొత్తం మీద రెండున్నర లక్షల మందికి సోకింది, 25,000 మంది పోయారు. బతికినవాళ్ళలో ఎందరికో వినికిడి పోయింది. పొద్దున తలనొప్పి అన్న పిల్లాడు మర్నాటికి ఉండేవాడు కాదు. దీనికి చవకైన టీకా కావాలి, డోసు అర డాలరు దాటితే మేం కొనలేం అని ఆ దేశాలు చెప్పాయి. ఆ ధరకి దాన్ని తయారుచేసింది మన పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్. పేరు మెన్‌ఆఫ్రివాక్. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో మొదలైంది, 2012లో ఉత్తర ఘనాలో వేశారు. టీకా వేసిన చోట 'ఎ' అనే రకం మెనింజైటిస్ దాదాపు మాయమైంది. మిగతా రకాలు ఇంకా ఉన్నాయి, అందుకే జనవరి వచ్చిందంటే అక్కడి నర్సులు మెడ బిగుసుకున్న జ్వరం కోసం చూస్తూనే ఉంటారు.

మలేరియా టీకా కూడా అంతే. 2019లో మలావి, ఘనా, కెన్యా దేశాల్లో మామూలు టీకాలతోపాటు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ టీకా తయారీని హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌కి అప్పగించే ఒప్పందం 2021లో బయటికి వచ్చింది. మన జీనోమ్ వ్యాలీ నుంచి ఆ వాకిళ్ళ దాకా ఒక దారి పడింది. నాకు ఇది గర్వంగానే ఉంది. కానీ ఆ టీకా నాలుగు డోసులు. మొదటి మూడూ పసితనంలో, తల్లి ఎలాగూ మిగతా టీకాల కోసం వచ్చే రోజుల్లో. నాలుగోది రెండో ఏట. అప్పటికి పిల్లాడు నడుస్తుంటాడు, తల్లి మళ్ళీ చేలో పనికి వెళ్తుంటుంది, బహుశా కడుపుతో కూడా ఉంటుంది. ఏ దేశంలోనైనా తప్పిపోయే డోసు అదే. ఆ డోసు గుర్తుపెట్టుకుని, ఆ పిల్లాడు ఏ వాకిట్లో ఉన్నాడో తెలిసి, బావోబాబ్ చెట్టు కింద తూకం వేసే రోజున ఆ తల్లిని పేరుపెట్టి పిలిచేది ఎవరు? బావోబాబ్ అంటే, మన గోల్కొండ నయా ఖిల్లాలో ఏనుగంత బొజ్జతో ఒక పాత చెట్టు ఉంది చూశారా, అదే జాతి. దాని కొమ్మకే స్ప్రింగ్ త్రాసు కట్టి పిల్లల్ని తూస్తారు.

ఈ జిల్లాలు సాధించినవి తక్కువ కాదు. నారి కురుపు ఘనాలో 2010లో ఆగిపోయింది. కంటి జబ్బు ట్రకోమాని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిన దేశంగా 2018లో గుర్తింపు వచ్చింది. ఆ దారంతా ఊరూరా తిరిగి, నీళ్ళు వడగట్టే గుడ్డ ఎలా వాడాలో చూపించినవాళ్ళు, రెప్పలు తిప్పి చూసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు.

టైమైపోతోందా మేడమ్? ఇంకొక్క ప్రశ్నకి ఉందా? సరే, అడుగమ్మా.

(ఒక విద్యార్థిని: మేడమ్, ఆ పిల్లాడు పోయాక మీరు ఆ ఊళ్ళో ఉన్నారా?)

ఉన్నాను. నెల తిరక్కుండా మకాం మార్చాను. ఇంట్లో వద్దన్నారు. పంచాయతీ ఆఫీసు వెనక రెండు గదులుంటే, ఊరివాళ్ళు సున్నం కొట్టి, తలుపుకి గడియ పెట్టించి ఇచ్చారు. నాలుగేళ్ళున్నాను. మొదటి వారం ఒక్కరూ రాలేదు. నేను అక్కడ పడుకుంటున్నానని నమ్మకం కుదరలేదనుకుంటాను. రెండో వారంలో ఒకరోజు రాత్రి పదకొండింటికి తలుపు కొట్టారు. తీస్తే ఆ తల్లే. లాంతరు పట్టుకుని నిలబడి ఉంది. ఆడబిడ్డకి నొప్పులు మొదలయ్యాయట. నేను సంచి తీసుకుని ఆమె వెనకే నడిచాను.